ఒక్క క్లిక్ ఎంత దూరం పాకుతుంది?

2021 నవంబరులో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగులకు వరసగా కొన్ని మెయిళ్లు వచ్చాయి. మొత్తం రెండు వందలకు పైనే. వాటికి తగిలించిన ఫైలును తెరిచింది మాత్రం ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్లలోకి, ఎక్కడో కూర్చుని నడిపించగల ఒక ప్రోగ్రామ్ చేరింది. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు బ్యాంకు పని మామూలుగానే నడిచింది. ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. 2022 జనవరి నాలుగో వారంలో చూసుకునేసరికి 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. ఆ డబ్బు ముందు వేరే బ్యాంకుల్లోని 115 ఖాతాలకు, అక్కడి నుంచి మరో 398 ఖాతాలకు వెళ్లింది. ఆ తర్వాత దేశంలో పలుచోట్ల 938 ఏటీఎంల నుంచి నోట్ల రూపంలో బయటికి వచ్చేసింది.

ఇలాంటి కేసు పేపర్లో వచ్చినప్పుడు మాటలన్నీ ఆ ఇద్దరు ఉద్యోగుల చుట్టూనే తిరుగుతాయి. ఆ మెయిల్ ఎందుకు తెరిచారు, ఆమాత్రం తెలియదా అని. నిజానికి రెండు వందల మెయిళ్లకు రెండే ఫలించాయంటే ఆ సిబ్బంది జాగ్రత్తగానే ఉన్నట్టు లెక్క. నెలాఖరు పని ఒత్తిడిలో, నూరు మెయిళ్ల మధ్య ఒకటి పొరపాటున తెరవని ఆఫీసు ఎక్కడా ఉండదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఒక మామూలు ఉద్యోగి కంప్యూటర్‌లో జరిగిన పొరపాటు బ్యాంకు ఖాతాల నిల్వలను మార్చే సర్వర్ దాకా ఎలా వెళ్లగలిగింది?

హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో దీనికి జవాబు దొరికింది. ఆ బ్యాంకులో పదిమందికి సూపర్ యూజర్ హక్కులున్నాయి. అంటే సిస్టంలో ఏదైనా చూడగల, ఏదైనా మార్చగల అధికారం. వాళ్లలో కొందరి పాస్‌వర్డ్ ఒక్కటే. హెడ్డాఫీసు నెట్‌వర్క్‌ను, బ్రాంచీల నెట్‌వర్క్‌ను విడదీసే గోడ లేదు. చొరబాటును పసిగట్టి ఆపే ఏర్పాట్లూ సరిగా లేవు. లోపలికి చేరిన ప్రోగ్రామ్ కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రికార్డు చేసింది. ఆ రకంగా పాస్‌వర్డ్‌లు దొరికాయి, పాస్‌వర్డ్‌లతో సూపర్ యూజర్ హక్కులు దొరికాయి. ఇక ముందే తెరిపించి పెట్టుకున్న కొన్ని ఖాతాల్లో నిల్వను కోట్లలోకి పెంచేసి, అక్కడి నుంచి బయటికి పంపేశారు. భద్రతలో ఈ లోపాలకు గాను 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇందులో కనీవినీ ఎరగని సాంకేతిక విద్య ఏమీ లేదు. వీధి తలుపుకి పెద్ద తాళం వేసి, లోపల ఏ గదికీ తలుపే పెట్టకపోవడం లాంటిది ఇది. మన దగ్గర కంప్యూటర్ భద్రత అనగానే ఆలోచన అంతా ఆ వీధి తలుపు మీదే ఉంటుంది. ఏ యాంటీవైరస్ కొనాలి, ఏ లింకు నొక్కకూడదు అన్న దగ్గరే ఆగిపోతుంది. అది కావాలి, కాదనలేం. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నొక్కుతారు. ఆ ఒక్క క్లిక్ ఎంత దూరం పాకుతుందో ముందుగా నిర్ణయించి పెట్టుకున్నవాళ్లే బయటపడతారు. బ్యాంకుకు వర్తించే ఈ మాట ఇంట్లో ల్యాప్‌టాప్‌కూ, ఊళ్లో ఎరువుల షాపు కంప్యూటర్‌కూ అంతే వర్తిస్తుంది.

క్లిక్ కూడా అక్కర్లేనివి

కొన్ని మాల్వేర్లకు, అంటే హాని చేసే ప్రోగ్రామ్‌లకు, మనిషి పొరపాటుతో కూడా పని లేదు. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై అలాంటిది. విండోస్‌లో ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పంచుకునే భాగంలో ఒక లోపం ఉండేది. దాన్ని పట్టుకుని, ఒక మిషన్‌లోకి దూరిన వాన్నాక్రై అదే నెట్‌వర్క్‌లోని మిగతా మిషన్లను తనంతట తానే వెతుక్కుంటూ పోయింది. ఫైళ్లన్నిటికీ రహస్య సంకేతాలతో తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితేనే తీస్తానని తెర మీద నోటీసు పెట్టింది. కొన్ని రోజుల్లోనే 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో వందకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి.

ఇందులో బాధ కలిగించే సంగతి తేదీల్లో ఉంది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో ఎనిమిది వారాలకు పైగా టైం ఉంది. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్‌ను వాన్నాక్రై ఈ దారిన తాకలేకపోయింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలు దీనివల్ల స్తంభించి, సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ అంచనా వేసింది. మామూలు జాగ్రత్తలు పాటించి ఉంటే ఇది ఆగి ఉండేదని కూడా అదే నివేదిక తేల్చింది. మార్కస్ హచిన్స్ అనే యువ పరిశోధకుడు ఆ మాల్వేర్ కోడ్‌లో కనిపించిన ఒక డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ చిరునామాను, రిజిస్టర్ చేయించడంతో దాని వ్యాప్తికి బ్రేకు పడింది. ఆ పేరు ఉనికిలో ఉందా లేదా అని వాన్నాక్రై ముందుగా చూసుకునేది, ఉంటే ఆగిపోయేది. అది లేకపోతే నష్టం ఎంత పెరిగేదో ఊహకు అందదు.

మన ఆఫీసుల్లో అప్‌డేట్ నోటీసు రాగానే ‘తర్వాత గుర్తు చేయి’ నొక్కడం అలవాటు. పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న టెన్షన్, నెట్ డేటా అయిపోతుందన్న బెంగ. ఈ ఇబ్బందులు నిజమైనవే. కానీ అప్‌డేట్ బయటికి వచ్చిన క్షణం నుంచి ఆ లోపం ఏమిటో దొంగలకూ తెలిసిపోతుంది. అప్‌డేట్‌ను విప్పి చూసి, ఏం సరిచేశారో తెలుసుకుని, ఇంకా సరిచేసుకోనివాళ్ల మీద పడతారు. కాబట్టి వాయిదా వేసిన ప్రతి రోజూ అంతకు ముందు రోజు కంటే ప్రమాదకరమైనదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న సొంత వాడకందార్లకు మరో ఏడాది పాటు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. బిల్లింగ్ కౌంటర్లలో, స్కూలు ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 నడిపిస్తున్నవాళ్లు చాలామందే. దానికి సపోర్టు 2020 జనవరిలోనే ముగిసింది. అలాంటి మిషన్‌ను తప్పనిసరిగా వాడాల్సి వస్తే కనీసం ఇంటర్నెట్ నుంచి, మిగతా కంప్యూటర్ల నుంచి విడదీసి ఉంచాలి.

డి డ్రైవ్‌లో కాపీ

ఒక చిన్న వ్యాపారి షాపు కంప్యూటర్‌ను దగ్గరగా చూద్దాం. అందులో ట్యాలీ ఉంటుంది, నాలుగైదేళ్ల లెక్కలుంటాయి, జీఎస్టీ రిటర్నులకు సంబంధించిన ఎక్సెల్ షీట్లుంటాయి. విండోస్‌ను, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను దగ్గర్లోని సర్వీస్ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లోని క్రాక్‌తో, అంటే లైసెన్సు కొనకుండానే సాఫ్ట్‌వేర్ నడిచేలా చేసే ప్రోగ్రామ్‌తో, వేసి ఇచ్చి ఉంటాడు. ఆ క్రాక్ ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, తర్వాత దీన్ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి’ అన్నది అందులో మొదటి సూచన. కాపలాను పక్కకు పంపి, ముక్కూమొహం తెలియని ప్రోగ్రామ్‌కు సర్వాధికారాలూ మన చేతులతోనే ఇమ్మని అడగడమే అది. అయినా కొన్ని లక్షల మంది అలాగే చేస్తారు.

2018 చివరి నుంచి వ్యాపించిన స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) కుటుంబం ఎక్కువగా ఈ క్రాకుల దారిలోనే వచ్చింది. పెద్ద కంపెనీలను వదిలేసి ఇళ్లలో, చిన్న షాపుల్లో ఉన్నవాళ్లనే అది పట్టుకుంది. ఫైళ్ల పేర్ల చివర ఒక కొత్త తోక తగిలేది, ఏ ఫైలూ తెరుచుకునేది కాదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు మాట్లాడితే సగం తగ్గించి 490 డాలర్లకే ఇస్తాం, నమ్మకం కోసం ఒక ఫైలు ఊరికే తెరిచి చూపిస్తాం అని. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టలేక క్రాక్ వేసుకున్నవాడికి 490 డాలర్లంటే ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

ఇలాంటప్పుడు బ్యాకప్ ఉందా అని అడిగితే చాలామంది చెప్పే మాట, ‘డి డ్రైవ్‌లో కాపీ ఉంది’. సి డ్రైవ్, డి డ్రైవ్ చాలా కంప్యూటర్లలో ఒకే హార్డ్ డిస్కును రెండు ముక్కలుగా చూపించడమే. వేర్వేరు డిస్కులైనా లాభం లేదు. తెరిచి రాయగలిగే ప్రతి చోటికీ రాన్సమ్‌వేర్ వెళ్తుంది. డి డ్రైవ్‌కు, గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌కు, నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌కు, ఎప్పుడూ తగిలించే ఉంచిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకు కూడా. విండోస్ తనకు తానుగా దాచుకునే పాత కాపీలను ముందుగా చెరిపేయడం ఈ జాతి మాల్వేర్లకు అలవాటు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి వాటిలో సింక్ పెట్టుకుంటే పాడైన ఫైళ్లే పైకి కూడా వెళ్లిపోతాయి. అయితే గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పాత రూపాలు 30 రోజుల దాకా ఉంటాయి కాబట్టి, వెంటనే గమనిస్తే వెనక్కి తెచ్చుకునే వీలుంది. నెల దాటితే ఆ ఆశ కూడా పోతుంది.

కంప్యూటర్‌కు తగిలించి లేని కాపీయే నిజమైన బ్యాకప్. ఈ విషయంలో రాజీ పడడానికి చోటే లేదు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని, ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి తగిలించి కాపీ చేసి, వెంటనే తీసి బీరువాలో పెట్టడం మంచి పద్ధతి. వాటిలో ఒకటి షాపులో కాకుండా ఇంట్లో ఉంచితే షార్ట్ సర్క్యూట్‌కీ, దొంగతనానికీ కూడా జవాబు దొరుకుతుంది. మూడు నెలలకొకసారి ఆ డిస్కులోంచి ఒక పాత ఫైలు తెరిచి చూడాలి, ట్యాలీ డేటా అయితే వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి చూడాలి. బ్యాకప్ తీస్తున్నామని ఏళ్ల తరబడి నమ్మి, అవసరం పడినప్పుడు ఖాళీ ఫోల్డర్ కనిపించిన సంఘటనలు కొల్లలు. యాంటీవైరస్ కొనాలా, హార్డ్ డిస్కు కొనాలా అన్న మీమాంస వస్తే హార్డ్ డిస్కే కొనాలి. ఇంటి వాడకానికి విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ సరిపోతుంది, దాన్ని ఎవరి మాటా విని ఆపకుండా ఉంటే.

బ్యాకప్ విలువ ఏమిటో 2022 నవంబరు 23న దిల్లీ ఎయిమ్స్‌లో తెలిసింది. సైబర్ దాడితో ఓపీ రిజిస్ట్రేషన్ల నుంచి డిశ్చార్జి దాకా అన్నీ కాగితాల మీదికి వచ్చేశాయి. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండడం వల్ల ఈ-హాస్పిటల్ డేటా మొత్తం తిరిగి వచ్చింది. అయినా ముఖ్యమైన సేవలు మళ్లీ మొదలవడానికి రెండు వారాలు పట్టింది. దాడికి కారణం నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమని ప్రభుత్వ జవాబులోనే ఉంది. మహేశ్ బ్యాంకులో బయటపడిన లోపాల్లోనూ ఇది ఒకటి. దేశంలోని అతి పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి, ఒక పట్టణ సహకార బ్యాంకు ఒకే గోడ లేక దెబ్బతినడం ఆలోచించాల్సిన విషయం.

ఇంట్లో ఆ గోడ కట్టడానికి పైసా ఖర్చు లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ మొదట తయారు చేసే ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హక్కులుంటాయి. చాలామంది జీవితాంతం అందులోనే పని చేస్తారు. పిల్లలు గేములు డౌన్‌లోడ్ చేసేదీ అందులోనే, నెట్ బ్యాంకింగ్ కూడా అందులోనే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోజువారీ పనికి ఒక స్టాండర్డ్ ఖాతా, పిల్లలకు ఇంకొకటి చేసి పెడితే, తెలియని ప్రోగ్రామ్ సిస్టం లోతుల్లోకి దిగబోయినప్పుడల్లా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగిన ఆ నిమిషం మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఆ ఖాతాలోని సొంత ఫైళ్లను మాత్రం ఇది కాపాడలేదు. వాటికి బీరువాలోని డిస్కే దిక్కు. విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే ఏర్పాటు ఒకటుంది. డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లను కొత్త ప్రోగ్రామ్‌లేవీ మార్చకుండా అది అడ్డుకుంటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. మొదట్లో కొన్ని మంచి ప్రోగ్రామ్‌లను కూడా ఆపి విసిగిస్తుంది, ఒక్కొక్కదానికీ అనుమతి ఇచ్చుకుంటూ పోతే సర్దుకుంటుంది.

ఇంకో చిన్న మార్పు కూడా చేసుకోవాలి. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచి చూపిస్తుంది. అందుకే ‘ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అన్న ప్రోగ్రామ్ ‘ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్’గా కనిపిస్తుంది. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో మెయిళ్లలో ప్రపంచమంతా తిరిగిన ఐలవ్‌యూ వైరస్ ఆడింది ఈ నాటకమే. పాతికేళ్లు దాటినా ఇంకా పని చేస్తోంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేస్తే ఆ ముసుగు తొలగిపోతుంది.

ఫోనులోకి వచ్చే ఏపీకే

మన ఊళ్లలో ఇప్పుడు డబ్బు ఎక్కువగా పోతున్నది కంప్యూటర్ల కన్నా ఫోన్లలోనే. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంక్ కేవైసీ, చివరికి పెళ్లి శుభలేఖ పేరుతో కూడా ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. పంపింది అపరిచితుడైతే చాలామంది తెరవరు. వచ్చింది పెద్దనాన్న నంబరు నుంచి, అదీ ఫ్యామిలీ గ్రూపులోకి అయితే ఎవరు అనుమానిస్తారు? పెద్దనాన్న ఫోను అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంటుంది, ఆయన వాట్సాప్ నుంచే అన్ని గ్రూపులకూ వెళ్తుంది.

శుభలేఖ అంటే ఫొటో గానీ, వీడియో గానీ, పీడీఎఫ్ గానీ అయి ఉంటుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. దాన్ని నొక్కగానే ఫోను వెంటనే లొంగిపోదు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌లను అనుమతించాలా అని అడుగుతుంది. ఆ తర్వాత ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి, ఆపైన యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఈ చివరిది కంటిచూపు లేనివాళ్లకు ఫోను వాడకంలో సాయం చేసే యాప్‌ల కోసం పెట్టినది. దాన్ని పొందిన యాప్ తెర మీద ఏముందో చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఎస్‌ఎంఎస్ అనుమతితో ఓటీపీలు మనకంటే ముందే అవతలి వాడికి చేరతాయి. ‘ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది’ అని బాధితులు చెప్పడం వెనక తరచూ ఉన్నది ఇదే. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అన్నచోట వాట్సాప్‌కు, క్రోమ్‌కు, ఫైల్ మేనేజర్‌కు అనుమతి తీసేయాలి. ప్లే స్టోర్‌లో హానికరమైన యాప్‌లను పసిగట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఈ పని వాళ్లకు ఉపన్యాసం ఇవ్వడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

జరిగిపోయిన తర్వాత

ఫైళ్లు వరసగా తెరుచుకోకపోవడమో, పేర్లు మారిపోవడమో కనిపిస్తే ముందు ల్యాన్ వైరు పీకేయాలి, వైఫై ఆపేయాలి. పక్క కంప్యూటర్లకు పాకకుండా చేయడమే మొదటి పని. కంగారులో అందరూ చేసే ఘోరమైన తప్పు ఒకటుంది. బ్యాకప్ హార్డ్ డిస్కు తెచ్చి అదే కంప్యూటర్‌కు గుచ్చుతారు, ఫైళ్లు వెనక్కి వేసుకుందామని. మాల్వేర్ ఇంకా లోపలే ఉంటే ఆ డిస్కులోని ఆఖరి మంచి కాపీ కూడా కళ్ల ముందే పోతుంది. కంప్యూటర్‌ను పూర్తిగా చెరిపి విండోస్ కొత్తగా వేసిన తర్వాతే బ్యాకప్‌ను దాని దగ్గరికి తేవాలి.

పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా ఆ కంప్యూటర్ నుంచి చేయకూడదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను, లాగిన్ అయి ఉన్న సెషన్లను ఎత్తుకుపోయే మాల్వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. శుభ్రంగా ఉన్న వేరే ఫోను నుంచి ముందు మెయిల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. మెయిల్ చేతిలో ఉంటేనే మిగతా ఖాతాలన్నీ తిరిగి పట్టుకోగలం. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగితేనే దొరుకుతుంది కాబట్టి ఇందులో గంటలు కాదు, నిమిషాలు లెక్క. బ్యాంకు తెరిచే దాకా ఆగుదామనుకోకూడదు. సంస్థలైతే 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోపు దానికి తెలియజేయాలి. పరువు పోతుందని దాచిపెడితే అదే ముఠా అదే మెయిల్‌ను పక్క సంస్థకు పంపుతుంది.

డబ్బు కట్టడం గురించి: కట్టినా తాళంచెవి వస్తుందన్న హామీ లేదు, ఇచ్చిన ప్రతి డాలరూ తర్వాతి దాడికి పెట్టుబడి అవుతుంది. కట్టే ముందు నో మోర్ రాన్సమ్ అనే వెబ్‌సైట్ చూడాలి. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి మొదలుపెట్టిన ఈ సైట్‌లో, పాడైన ఫైలు ఒకటి అప్‌లోడ్ చేస్తే అది ఏ రాన్సమ్‌వేర్ పనో, దానికి ఉచిత విరుగుడు ఉందో లేదో చెబుతుంది. ఈ రోజు విరుగుడు లేకపోయినా తాళం పడిన ఫైళ్లను డిలీట్ చేయకుండా ఒక డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టాలి. పైన చెప్పిన డీజేవీయూ బాధితుల్లో చాలామంది ఫొటోలు, లెక్కలు పోయినట్టే అనుకున్నారు. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ కంపెనీ దాని పాత రకాల్లో చాలావాటికి ఉచిత డిక్రిప్టర్ విడుదల చేసింది. ఆ విరుగుడు పనికొచ్చింది పాడైన ఫైళ్లను అప్పటిదాకా పారేయకుండా ఉంచుకున్నవాళ్లకే.